కట్! ఫిర్ సే ఆవో

మొన్న శుక్రవారం దోహాలో, ముషైరిబ్ మెట్రో స్టేషన్‌లో నా పరువు నేనే తీసుకున్నాను. ఎస్కలేటర్ మీద కిందికి దిగుతుంటే వెనకనుంచి ఒక ఆడమనిషి "దాదా! దాదా!" అని కేకేసింది. కింద నడిచిపోతున్న ఇంకో ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. ఇద్దరూ ఆఫ్రికావాళ్లు. సెలవు రోజు కదా, మంచి బట్టలు వేసుకుని సూక్ బజారు చూడ్డానికి వచ్చినట్టున్నారు. ఇందులో నవ్వాల్సింది ఏముందో మీరే చెప్పండి. ఏమీ లేదు. కానీ నాకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, పక్క కడ్డీ పట్టుకోకపోతే పడిపోయేంత నవ్వు.

కేకేసినావిడ నా దగ్గరకొచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఏం చూసి నవ్వుతున్నావని ఇంగ్లీషులో నిలదీసింది. న్యాయమే, ఎవరికైనా మండుతుంది. సారీ చెప్పి, ఎందుకు నవ్వానో చెప్పడం మొదలుపెట్టాను. చెప్పేసరికి నా రైలు పోయింది, వాళ్ల రైలూ పోయింది. చివరికి ఆ ఇద్దరూ నాకంటే గట్టిగా నవ్వారు. అప్పటినుంచీ, ఆ నవ్వుకు కారణమైన నా పాత దోస్తు నా బుర్రలోంచి కదలడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

పేరు మాత్రం రాయను. "పేరు సినిమా అయిపోయాకే రావాలి. ముందే వేసుకునేవాడికి సినిమా మీద నమ్మకం లేనట్టు" అనేవాడు ఆయన. ఆయన సినిమా ఇంకా అయిపోలేదు.

అప్పట్లో మా లేబర్ క్యాంప్ అల్ షహానియా దారిలో ఉండేది. పొద్దున డ్యూటీ బస్సు ఎక్కేవేళకు రోడ్డు అవతల ఒంటెలు వరసకట్టి పందేల మైదానానికి పోతుండేవి. క్యాంప్‌లో సగం మంది కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు వైపు వాళ్లమే. సెంట్రింగు, రాడ్ బెండింగు, మేస్త్రీ పని. నేను స్టోర్ కీపర్ని. ఇంటర్ దాకా చదివాను కాబట్టి ఇంగ్లీషు కొంచెం వచ్చు, హిందీ ఇంకొంచెం వచ్చు. నోరు మాత్రం చాలా ఎక్కువ. మా మెస్‌లో అన్నం తినేటప్పుడు ఏ ముచ్చటైనా నేను చెబితేనే వినేవాళ్లు, చెప్పకపోతే అడిగేవాళ్లు.

ఆయన మా గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. కెన్యా దేశం, సముద్రం ఒడ్డున మొంబాసా. మనిషి ఎంత పొడుగంటే క్యాబిన్ తలుపు దగ్గర ప్రతిసారీ వంగి లోపలికి పోవాలి. సాయంత్రం బస్సులు వచ్చేవేళకు బయటికొచ్చి నిలబడేవాడు. రెండు చేతుల బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి చదరంగా పట్టుకుని, ఒక కన్ను మూసి, అందులోంచి మమ్మల్ని చూసేవాడు. రోజంతా ఎండలో మాడి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, మొహాలు వేలాడేసుకుని వస్తాం కదా. అటువంటి మొహం ఒక్కటి కనబడితే చాలు, చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"కట్! ఫిర్ సే ఆవో!"

అంటే మళ్లీ రమ్మని. ఆ మనిషి గేటు బయటికి పోవాలి, మళ్లీ లోపలికి రావాలి. ఈసారి మొహం కాస్త నయంగా ఉండాలి. "నా షాట్‌లో ఏడుపు మొహం మాఫీ" అనేవాడు. మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో లేదు, కుదరదు అని. మొహం బాగుంటే "ఓకే, టేక్ పాస్!" అని సెల్యూట్ కొట్టి లోపలికి పంపేవాడు.

మొదట్లో మావాళ్లకు ఒళ్లు మండేది. ఆకలితో పరుగెత్తే మనిషిని ఆపి నవ్వమంటే ఎవరికి మండదు? అందరికన్నా ఎక్కువ మండింది లింగన్నకు. లింగన్న ఆర్మూరు అవతలి ఊరు, రాడ్ బెండింగులో మా అందరికీ పెద్ద. నోట్లో తిట్టు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

"ఈ కాలోనికి ఏం పని లేదా? పొద్దంత ఎండల సచ్చి వస్తె ఈనికి నవ్వు గావాల్నట!"

ఏమాటకామాటే చెప్పుకోవాలి, మా అందరిలోకీ నల్లనివాడు లింగన్నే. కాలా అంటే ఏమిటో గార్డుకు ఆపాటికే తెలుసు, గల్ఫ్‌లో ఎవరికి తెలియదు? ఆయనకు కోపం వస్తుందని నేను భయపడ్డాను. ఆయన నింపాదిగా వచ్చి, యూనిఫాం చెయ్యి పైకి మడిచి, తన ముంజేతిని లింగన్న ముంజేతి పక్కన పెట్టాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. తర్వాత రెండో చేత్తో సగం చదరం పట్టి అందులోంచి చూసి, "లైటింగ్ సేమ్. నో ప్రాబ్లం" అన్నాడు.

బస్సు దిగినవాళ్లంతా పగలబడి నవ్వారు. లింగన్న "థూ" అన్నాడు గానీ మీసాల కింద నవ్వు ఆగలేదు. "ఓకే, టేక్ పాస్!" అని సెల్యూట్ పడింది. ఆ రోజునుంచి మావాళ్లు ఆయన్ను డైరెక్టర్ అనడం మొదలుపెట్టారు. వెక్కిరింపుకే అన్నారు. ఆయన మాత్రం ఆ మాట వినగానే టోపీ సర్దుకునేవాడు.

నాతో దోస్తీ కుదిరింది ఒక్క మాట వల్ల. ఒకరోజు స్టోరు సామాను లారీ వస్తే గేటు దగ్గర నిలబడి, అందులోంచి దిగిన మా ఊరతన్ని "ఏం కాకా, మంచిగున్నవా?" అని పలకరించాను. క్యాబిన్‌లోంచి ఈయన తల తలుపుకు కొట్టుకునేంత వేగంగా బయటికొచ్చాడు.

"నీకు మా భాష వచ్చా?"

వాళ్ల స్వాహిలీలో కాకా అంటే అన్నయ్యట! మాకేమో కాకా అంటే చిన్నాయన, తెలిసినవాణ్ణి ప్రేమగా పిలిచినా కాకానే. ఇది తెలిసినప్పుడు మేమిద్దరం ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఎగిరాం, సిగ్గులేకుండా. ఆ తర్వాత ఆయన నాకు కాకా, నేను ఆయనకు కాకా. ఒక్క మాట కలిసేసరికి స్వాహిలీ మొత్తం నాకు వచ్చేసినట్టే అనిపించింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

డైరెక్టర్ అనే పేరు ఉత్తిది కాదని నాకు అప్పుడే తెలిసింది. మొంబాసాలో ఉన్నప్పుడే ఆయన ఫోన్‌తో చిన్న చిన్న సినిమాలు తీశాడు. నిర్మాత లేడు, స్టూడియో లేదు, ఎవరి పర్మిషనూ లేదు. ఇక్కడా ఆపలేదు. స్టోర్‌లో వంకరపోయిన స్కాఫోల్డింగ్ పైపు ఒకటి, తుప్పు పట్టిన క్లాంపు ఒకటి నేను ఇస్తే, దానికి ఫోన్ బిగించి స్టాండు చేసుకున్నాడు. మెస్ వంటవాడి దగ్గర వెండి కాగితం అడిగి అట్టముక్కకు అంటించుకున్నాడు, మొహం మీదికి వెలుతురు కొట్టడానికి. ఆఫ్ దొరికిన రోజు ఇంకో కెన్యా గార్డును వెంటబెట్టుకుని ఎడారిలోకి పోయి, ఒంటెలు అడ్డం తిరిగితే వాటికి కూడా "కట్! ఫిర్ సే ఆవో!" అనేవాడు. ఒంటెలు ఎవరి మాటా వినవు. అయినా అనేవాడు.

ఒకసారి చాయ్ తాగుతూ అన్నాడు. ఆయన మాట్లాడింది హిందీ, ఇంగ్లీషు కలిపి. నేను మన భాషలో రాస్తున్నాను.

"కాకా, పెద్ద పెద్ద సినిమాల్లో మావాడు ఎట్లా వస్తాడు? తుపాకీ పట్టుకుని వస్తాడు. లేకపోతే ఆకలితో డొక్క ఎండి వస్తాడు. లేకపోతే హీరో స్నేహితుడై ముందే చచ్చిపోతాడు. మా ఇంట్లో తుపాకీ లేదు. మేం మూడు పూటలా తింటాం. నేను చావలేదు. మరి మా సినిమా ఎవరు తీస్తారు?"

మన సినిమాల్లో వాళ్లను ఎక్కడ చూశానా అని ఆలోచిస్తే, విలన్ వెనకాల చేతులు కట్టుకుని నిలబడే బాడీగార్డులే గుర్తొచ్చారు. వాళ్లకు ఒక్క డైలాగ్ కూడా ఉండదు. హీరో కొడితే గాల్లో ఎగిరి పడటమే వాళ్ల పని. మా లింగన్న గేటు దగ్గర ఆ బాడీగార్డునే చూస్తున్నాడని నాకు అప్పుడు అర్థమైంది.

"ఇప్పుడొకటి తీస్తున్నాను" అన్నాడు. "మా ఊరి రేవు దగ్గర చేపలు వేయించే ఒక మామూలు ఆడమనిషి కథ. ఇక్కడి సీన్లు నేను తీస్తున్నా, అక్కడి సీన్లు పక్క బండి ఆవిడ ఫోన్‌లో తీసి పంపుతోంది. నన్ను పెంచిన మా సిస్టర్ ఒక షరతు పెట్టింది. మనవాళ్లు కాదు, మన ముక్కూ మొహం తెలియనివాళ్లు ఈ సినిమా చివరిదాకా కూర్చుని చూస్తే నువ్వు డైరెక్టర్‌వే అంది. మధ్యలో లేచిపోతే మాత్రం, ఫోన్ జేబులో పెట్టుకుని ఉద్యోగం చేసుకో, ఇక ఈ పిచ్చి వద్దు అంది."

"లేచిపోతే నిజంగా మానేస్తవా?" అన్నాను.

"ఆమెతో మాట తప్పి బతికినవాడు మా వీధిలో లేడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, చాయ్ గ్లాసు చేతిలో ఊరికే తిప్పుతూ కూర్చున్నాడు. మా మెస్ జనం సంగతి నాకు తెలుసు. ఫైటింగు లేకపోతే పప్పు చల్లారేలోగా లేచిపోతారు.

క్యాంప్ బాస్‌ను నేనే బతిమాలాను. సేఫ్టీ క్లాసులు చెప్పే ప్రొజెక్టరు ఒక శుక్రవారం మధ్యాహ్నానికి ఇచ్చాడు. డైరెక్టర్ ఇంకో కోరిక కోరాడు. వాళ్ల దేశం వైపు వీడియో హాళ్లలో తెర పక్కన మైకు పట్టుకుని ఒక మనిషి నిలబడతాడట. వేరే భాష సినిమాను జనం భాషలో చెబుతూ, మధ్యలో తన మసాలా తను వేస్తూ నడిపిస్తాడట. ఆ పని నన్ను చేయమన్నాడు.

"ముందు ఒకసారి చూపిస్తా, మాటలన్నీ చెప్తా" అన్నాడు.

"అవసరమా కాకా? నాకు తెల్వదా మీ భాష?" అన్నాను. తెలివి అంటే నాదే.

మెస్ తలుపు మీద తన చేత్తో పోస్టర్ రాసి అంటించాడు. DADA YANGU. దాని కింద పెద్ద గంటె బొమ్మ.

అన్నం పళ్లెం పట్టుకుని లింగన్న ఆ పోస్టర్ ముందు చాలాసేపు నిలబడ్డాడు. "దాదా అంటె మనకు ఎర్కే. గీ యాంగు ఏందిరా?"

"గ్యాంగు గావచ్చు. స్పెల్లింగు తప్పు రాసిండు" అన్నాను నేను, ఏమాత్రం ఆలోచించకుండా.

లింగన్న కళ్లు మెరిశాయి. "దాదా గ్యాంగా? అట్లయితె ఫైటింగు ఉంటది. ముందల సీటు నాదే!"

ఆ వార్త క్యాంప్ అంతా పాకింది. శుక్రవారం భోజనాలయ్యాక మెస్‌లో కాలు పెట్టే సందు లేదు. కిటికీలకు అట్టపెట్టెలు అడ్డం పెట్టాం, గోడకు తెల్ల దుప్పటి కట్టాం. డైరెక్టర్ యూనిఫాం కాకుండా పూల చొక్కా వేసుకుని వెనక లాప్‌టాప్ దగ్గర నిలబడ్డాడు. ఆ జనాన్ని చూసి ఆయనకు చెమటలు పట్టాయి. నేను మైకు పట్టుకుని తెర పక్కన నిలబడ్డాను.

సినిమా మొదలైంది. మొదటి బొమ్మే మా గేటు. అవును, మా క్యాంప్ గేటే! దాని వెనక డ్యూటీ బస్సు ఆగింది, అందులోంచి మావాళ్లు దిగారు. మెస్ ఒక్కసారి దద్దరిల్లింది. "అరె మన గేటు రా!" "గదిగో మన బస్సు!" "లింగన్న, నువ్వేనే! హెల్మెట్ నీదే!" కనబడ్డ బిల్డింగులన్నీ కట్టినవాళ్లు, తెర మీద తమను తాము చూసుకోవడం అదే మొదలు. లింగన్న లేచి దుప్పటి దగ్గరకు పోయి, తన బొమ్మను వేలితో తాకి చూసి వచ్చి కూర్చున్నాడు.

తర్వాత బొమ్మ మొంబాసాకు మారింది. రేవు, జనం, పడవలు. చిన్న పొయ్యి మీద పెద్ద మూకుడు. ఒక ఆడమనిషి వచ్చింది. తలకు ఎర్ర గుడ్డ, చేతిలో మూరెడు గంటె. నల్లగా, నిండుగా, భూమి తనదే అన్నట్టు నిలబడింది. అప్పుడే ఎవరో పెద్ద ఉద్యోగిలాంటివాడు వచ్చి బండి తీసెయ్యమని కర్రతో మూకుడును తట్టాడు. పక్కన ఎవరో "దాదా!" అన్నారు. ఆమె గంటె పైకెత్తింది.

ఇక నేను ఆగుతానా? మైకులో గొంతు చించుకున్నాను.

"ఒచ్చింది రా! బజారుకే దాదా! రేవుకే దాదా! ఈమె పేరు చెప్తె చేపలు నీళ్లలకెళ్లి ఎగిరొచ్చి మూకుట్ల పడ్తయ్!"

ఆమె గంటెతో ఒక్క అడుగు ముందుకేసింది. పెద్ద ఉద్యోగి రెండడుగులు వెనక్కేశాడు. అంతే! మెస్‌లో ఈలలు, చప్పట్లు. హీరో ఎంట్రీకి మావాళ్లు ఏం చేస్తారో మీకు చెప్పాలా? లేచి నిలబడ్డారు. కాగితాలు కావాలి కదా, టేబుళ్ల మీద సూపర్ మార్కెట్ ఆఫర్ల కాగితాలు ఉన్నాయి. చింపి, గుప్పిళ్లకొద్దీ ఆమె మొహం మీదికి విసిరారు. లింగన్న కుర్చీ ఎక్కి, తువ్వాల తిప్పుతూ, "దాదా! దాదా!" అని అరుస్తున్నాడు.

టక్కున తెర తెల్లబడింది.

వెనక్కి చూస్తే డైరెక్టర్ ప్రొజెక్టర్ వైరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు.

"అందరూ లేచారు" అన్నాడు మెల్లగా. "ఇంకా సగం కూడా కాలేదు. అందరూ లేచిపోయారు. సరే. కానీ కాకా, ఆమె మీద చెత్త ఎందుకు విసురుతున్నారు? మా సిస్టర్ మీకేం చేసింది?"

"సిస్టరా? ఎవరు సిస్టర్?"

"ఆమే! దాదా! దాదా అంటే అక్క. దాదా యాంగు అంటే మా అక్క!"

నా చేతిలోని మైకు బరువెక్కింది. మెస్ అంతా నా మొహమే చూస్తోంది. ఏం చేస్తాను, చెప్పాలి కదా. మైకులోనే చెప్పాను. ఆమె రౌడీ కాదని, గ్యాంగు లేదని, ఆయన్ను పెంచిన అక్క అని, మనం లేచి నిలబడితే సినిమా నచ్చక పోతున్నామని ఆయన అనుకున్నాడని, కాగితాలు విసిరితే అవమానం అనుకున్నాడని. అటు తిరిగి ఆయనకు హిందీలో చెప్పాను, మా దగ్గర ప్రాణంగా చూసుకునే హీరోకే కాగితాలు విసురుతారని. ఆయన నమ్మలేదు. చెత్త విసిరే ప్రేమ ఎక్కడైనా ఉంటుందా అన్నట్టు చూశాడు.

లింగన్న ఇంకా కుర్చీ మీదే ఉన్నాడు, తువ్వాల చేతిలో పట్టుకుని.

"అక్కనా?" అన్నాడు చివరికి. "అక్కంటె దాదానే గద! గండ్ల తప్పేమున్నది? మా అక్క గూడ గంతే. గంటె దీస్తె మా నాయన గూడ సప్పుడు జెయ్యకపోతుండె."

తర్వాత కుర్చీ దిగి, వెనక్కి నడిచి, డైరెక్టర్ ముందుకు పోయి నిలబడ్డాడు. చేతులు రెండూ ఎత్తి, మోటు వేళ్లతో ఎట్లాగో చదరం కట్టి, అందులోంచి ఆయన మొహం చూశాడు.

"కట్! ఏడుపు మొహం మాఫీ. ఫిర్ సే లగావో!"

మళ్లీ వెయ్యమని. మెస్ మొత్తం "వన్స్ మోర్!" అని గోల పెట్టింది.

సినిమా మొదటినుంచి వేశారు. ఈసారి డైరెక్టర్ నా పక్కనే నిలబడి ఒక్కొక్క మాటా చెవిలో చెప్పాడు, నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని చెప్పాను. అదే గేటు, అదే బస్సు, అదే రేవు. తమ్ముడు ఎడారిలో క్యాబిన్‌లో కూర్చుని చల్లారిన చపాతీ తింటాడు. అక్క రేవు దగ్గర మొదటి చేప వేయించి, ఎవరికీ అమ్మకుండా పక్కన పెడుతుంది. ఎవరైనా అడిగితే "అది మావాడిది, దారిలో ఉన్నాడు" అంటుంది. రోజూ అదే మాట. రోజూ సాయంత్రం ఆ చేపను పిల్లికి పెట్టి బండి మూసుకుంటుంది. అంతే కథ. ఫైటింగు లేదు. కానీ ఒక్కడూ లేవలేదు. లేస్తే ఆయనకు బాధ అని తెలిసింది కదా, గంటె సీను వచ్చినప్పుడు కూడా కుర్చీలకు అతుక్కుపోయి, కూర్చునే ఈలలేశారు, కూర్చునే కాగితాలు విసిరారు. పిల్లి చేప తింటున్నప్పుడు మాత్రం ఎవరూ ఈల వెయ్యలేదు. ముక్కులు ఎగబీల్చడం వినబడింది. నాది కూడా.

అయిపోగానే డైరెక్టర్ అక్కకు వీడియో కాల్ చేశాడు. ఆమె తలకు అదే ఎర్ర గుడ్డ. పలకరింపు లేదు, ఏమీ లేదు, మాకూ తెలియాలని ఇంగ్లీషులోనే అడిగింది.

"చివరిదాకా కూర్చున్నారా?"

ఈయన నీళ్లు నమిలాడు. ఆమెతో అబద్ధం చెప్పలేడు. "మొదటిసారి లేచారు అక్కా" అన్నాడు. లింగన్నకు ఆ మాటలు అర్థం కాలేదు గానీ ఆ మొహం అర్థమైంది. ఫోన్ లాక్కుని, ఆమెకు రెండు చేతులా దండం పెట్టి, అచ్చ తెలుగులో అరిచాడు.

"అక్కా, మీవోడు పెద్ద డైరెక్టరే! మేం లేసినం, నిజమే. నువ్వొస్తె లెవ్వకుంట ఎట్లుంటమే?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. మేం ఆమె మీద ఏం విసిరామో కూడా చెప్పాను. ఒక ముక్క చూపించమంది. కింద పడ్డదొకటి తీసి ఫోన్‌కు దగ్గరగా పెట్టాను. చూస్తే దాని మీద చేప బొమ్మ! ఆమె నవ్వింది. ఆ నవ్వు భుజాలనుంచి మొదలైంది, అచ్చం ఆయనదే. నవ్వి నవ్వి గంటె కింద పెట్టి, కళ్లు తుడుచుకుని ఒకే మాట అంది.

"సరే. నువ్వు డైరెక్టర్‌వే."

అంత పొడుగు మనిషి మా మెస్ నేల మీద చతికిలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. లింగన్న పక్కన కూర్చుని వీపు నిమిరాడు. ఈసారి ఎవరూ కట్ అనలేదు.

ఆ సాయంత్రం మా క్యాంప్ వైఫై కుప్పకూలింది. అందరూ ఒకేసారి అక్కలకు ఫోన్లు చేశారు మరి. లింగన్నకూ అక్కకూ పుట్టింటివాళ్లు పెట్టే ఒడిబియ్యం దగ్గర మాటా మాటా పెరిగి చాలాకాలంగా మాటల్లేవు. మెట్ల మీద కూర్చుని, మీసాలు దువ్వుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి మరీ మాట్లాడాడు.

"దాదా, మంచిగున్నవానే?"

"ఎవర్రా? లింగడా? దుబాయ్‌ల ఎండ నెత్తికెక్కిందారా? అక్కను వట్టుకొని దాదా అంటవ్!" మా ఊళ్లలో గల్ఫ్ దేశం ఏదైనా దుబాయే.

"దాదా అంటె అక్కనేనే. నీకు తెల్వదు, ఊకో."

అవతల గొంతు తగ్గింది. "తిన్నవారా?" అంది ఆవిడ. లింగన్న స్పీకర్ తీసేసి, ఫోన్ చెవికి పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ తర్వాత మా క్యాంప్‌లో కాలోడు అనే మాట వినబడలేదు. డైరెక్టర్ కాకా అనేవాళ్లు. సాయంత్రం బస్సు దిగి, ఆయన అడగకముందే జుట్టు దువ్వుకుని గేటులోకి వచ్చేవాళ్లు. కొందరు మొహం బాగానే ఉన్నా కావాలని వేలాడేసుకుని వచ్చేవాళ్లు, కట్ అనిపించుకోవడానికి. తర్వాతి సినిమాల్లో లింగన్న ఒంటెల వ్యాపారిగా వేశాడు. ఒంటె ఒక్క టేక్‌లో చేసింది, లింగన్నకు చాలా పట్టాయి.

ఒకరోజు ఆయన క్యాబిన్‌లోంచి పరుగున నా స్టోర్‌కు వచ్చాడు. అక్క ఫోన్ చేసిందట. రేవు బండి వెనక ఖాళీ జాగాలో వెదురు కర్రలు పాతి తెర కట్టిందట. "ఎవరో తెలియనివాళ్లే నీ సినిమా చూశారు, మనవాళ్లు చూడొద్దా? కాంట్రాక్టు అయిపోగానే వచ్చెయ్, ఇక్కడ తీద్దువుగానీ" అందట. ఆయన సంతోషం చూసి నాకు సంతోషమేసింది. వెళ్లిపోతున్నాడని ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. ఆయన చూసి, కట్ అన్నాడు.

వెళ్లే రోజు శుక్రవారమే. ఎయిర్‌పోర్టు వ్యాను గేటు బయట ఆగింది. క్యాంప్ అంతా గేటు దగ్గరే. అదే పూల చొక్కా, చేతిలో పెట్టె, భుజాన నేనిచ్చిన ఆ స్కాఫోల్డింగ్ పైపు. అది విమానంలో ఎక్కనివ్వరని ఎంత చెప్పినా వినలేదు. ఇంకో చేతిలో ఫోన్, అందులో అక్క, ఆయన బయల్దేరడం చూస్తానని లైన్‌లోనే ఉంది.

ఆయన గేటు దాటాడు. లింగన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"కట్! ఫిర్ సే ఆవో!"

ఆయన నవ్వి, పెట్టె పట్టుకుని వెనక్కి వచ్చాడు. మళ్లీ నడిచాడు. మళ్లీ గేటు దాటాడు.

"కట్! మొహం మంచిగలేదు!" ఈసారి అరిచింది నేను.

మళ్లీ వచ్చాడు. మళ్లీ పోయాడు. "కట్! పెట్టె అడ్డమొచ్చింది!" "కట్! ఒంటె రాలేదు!" ఎవరికి తోచింది వాళ్లు అరుస్తున్నారు. వ్యాను డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి "యల్లా, యల్లా!" అని తొందరపెడుతున్నాడు. వెళ్లిన ప్రతిసారీ ఆయన వెనక్కి వస్తున్నాడు, కళ్లనీళ్లు కారుతున్నాయి, నవ్వుతున్నాడు. ఎవరికీ టేక్ పాస్ అనే ధైర్యం లేదు.

అప్పుడు ఫోన్‌లోంచి కేక వినబడింది. ఆయన ఫోన్ పైకెత్తి మా వైపు తిప్పాడు. తెర నిండా అక్క. ఎర్ర గుడ్డ, చేతిలో గంటె. తమ్ముడి దగ్గర ఎప్పుడు నేర్చుకుందో, మా భాషలో ఒక్క మాట అంది.

"పంపుండ్రి!"

గంటె పైకి లేచింది.

లింగన్న అడ్డం పెట్టిన చెయ్యి తీసేశాడు. "దాదా జెప్పింది" అన్నాడు. "టేక్ పాస్."

జేబులోంచి చింపిన కాగితాలు తీసి, గుప్పెడు ఆయన నెత్తిన చల్లాడు. ఆయన అవి దులుపుకోకుండానే వ్యాను ఎక్కాడు.